మా ఆయన ఏడ్చిన కాలం

ఆ వానాకాలం మా ఆయన ఏడవడం మొదలుపెట్టాడు.

ఇంట్లో కాదు. చర్చిలో, ఆదివారం పూట, అందరి ముందూ. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులని మేమిద్దరం ఎప్పుడూ వెనక బెంచీలో, తలుపు పక్కన కూర్చునేవాళ్ళం. మా ఆయన సంఘంలో పెద్ద కాబట్టి ముందు వరస. ప్రసంగం అయిపోయి పాట ఎత్తుకున్నారు. ముందు నుంచి గొంతు పూడుకుపోయినట్టు ఏదో శబ్దం వినబడితే, ఎవరో ముసలాయనకి దగ్గు తెర వచ్చిందనుకున్నాను. మెడ సాచి చూస్తే మా ఆయన. మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి, తల వంచుకుని, భుజాలు ఎగిరెగిరి పడేలా ఏడుస్తున్నాడు.

మా ఆయన సంగతి తెలిసిన వాళ్ళెవరికీ అది నమ్మబుద్ధి కాదు. కుర్చీలూ బల్లలూ చేసే వర్క్‌షాపులో మేస్త్రి. ఒకసారి ఉలి జారి అరచేతిలో దిగితే గుడ్డముక్క చుట్టుకుని సాయంత్రం దాకా పనిచేసిన మనిషి. నవ్వు కూడా పొదుపే. పెళ్ళయిన కొత్తలో 'నేనంటే మీకు ఇష్టమేనా' అని అడిగితే, కాసేపు ఆలోచించి, 'వంటింట్లోకి అలమర కావాలన్నావుగా, రేపు మొదలుపెడతాను' అన్నాడు. చేశాడు కూడా. తలుపు మూస్తే వెంట్రుకంత సందు కనబడదు. అదే జవాబని సరిపెట్టుకున్నాను. దేవుడితోనూ అంతే. అన్నం ముందు ఆయన ప్రార్థన నాలుగు మాటలు. పొగలు కక్కే కూర ఆమెన్ అనేసరికి ఇంకా పొగలు కక్కుతూనే ఉండేది.

అందుకు తగ్గట్టే ఉండేవారు మా పాత పాస్టరుగారు. ఆయన ప్రసంగం రైళ్ళ టైములు చదివినట్టు సాగేది. ఎవరికీ ఇబ్బంది లేదు. వానలతో పాటు వచ్చిన కొత్తాయన అలా కాదు. వయసులో చిన్నవాడు, గొంతు మెత్తన. దేవుడికి కావలసింది పొడి మాటలు కాదు, కరిగిన గుండె అనేవారు. దాచుకోకండి, ఆపుకోకండి అనేవారు. ఆయన అలా అంటూ ఉంటే ముందు ఒకరు, తరవాత వాళ్ళ పక్కవాళ్ళు, చూస్తూ చూస్తూ ఉండగానే సగం చర్చి చేతిరుమాళ్ళు తీసింది. ఏడవని వాళ్ళకి లోపల ఏదో అడ్డుపడుతోందన్న గుసగుస కూడా బయల్దేరింది. నా కళ్ళు మాత్రం ఎండిన బావిలా ఉండేవి. చుట్టూ అందరూ ఏడుస్తుంటే, నేను తల వంచుకుని, చెప్పుల పట్టీలు ఎక్కడెక్కడ తెగబోతున్నాయో చూసుకుంటూ కూర్చునేదాన్ని.

ఇంటికి నడుస్తుంటే అత్తయ్య గొడుగు కింద నా చెవి దగ్గరికి వంగింది.

"వాడు ఏడ్చాడా?"

"ఏడ్చారత్తయ్యా."

ఇల్లు చేరాం. గుమ్మంలో తడి చెప్పులు విప్పుతూ, "వాళ్ళ నాన్న పోలిక ఇన్నాళ్ళకి బయటపడింది" అంది.

మామగారిని నేను చూడలేదు. అత్తయ్య ఆయన గురించి ఎత్తేదీ కాదు. ఆ సాయంత్రం మాత్రం చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ తనంతట తనే చెప్పింది. ఆయన ప్రార్థన చేస్తే చర్చంతా కరిగిపోయేదట. మోకాళ్ళ మీద పడి, గుండె బాదుకుని, పాపిని ప్రభువా అని ఆయన ఏడుస్తుంటే, ఇలాంటి భర్త దొరికినందుకు నువ్వెంత అదృష్టవంతురాలివని ఆడవాళ్ళు అత్తయ్య చేతులు పట్టుకునేవాళ్ళట. ఆయన ఇంటికొచ్చి, కూరలో ఉప్పు తక్కువైందని గిన్నె విసిరేవాడట. ఆ రెంటికీ మధ్య ఆయన కళ్ళ తడి ఆరేది కూడా కాదట.

"అంటే దొంగ ఏడుపేగా అత్తయ్యా" అన్నాను.

"కాదమ్మాయ్. నాకు అర్థం కానిది అదే. నిజంగానే ఏడ్చేవాడు. నిజంగానే కొట్టేవాడు."

అప్పటి నుంచి మా ఆయన మీద ఒక కన్ను వేసి ఉంచాను. అత్తయ్య రెండో కన్ను వేసింది.

చూసే కొద్దీ అనుమానం ముదిరింది. ఎందుకంటే మా ఆయన గిన్నెలు విసరలేదు. మంచివాడైపోయాడు. నేను లేచేసరికి నీళ్ళు పట్టి ఉండేవి. నువ్వు తిన్నావా అని అడిగేవాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ అడగని మాట. ఒకరోజు ఉన్నట్టుండి, మీ అమ్మని చూసి చాన్నాళ్ళయింది కదా, వెళ్ళి నాలుగు రోజులుండి రారాదా అన్నాడు. నన్ను ఇంట్లోంచి కదిలించాల్సినంత అవసరం ఏమొచ్చిందా అని ఆ రోజంతా నా బుర్ర తిరిగిపోయింది. వెళ్ళనని చెప్పాను.

మనిషికి జబ్బేమో అనుకున్నాను. తిండి చూశాను, మామూలుగానే తింటున్నాడు. వర్క్‌షాపు మూసేస్తున్నారేమో అనుకున్నాను. మేం ఉండేది దాని వెనక గదుల్లోనే. మేస్త్రికని ఓనరుగారు ఇచ్చినవి. వంటింటి కిటికీలోంచి చూస్తే షెడ్డంతా కనబడేది. ఎప్పటిలాగే మిషన్లు తిరుగుతున్నాయి, లారీల్లో చెక్క దిగుతోంది. ఇక మిగిలిందేమిటో ఏ ఆడదానికైనా తెలుసు. ఉతికేముందు చొక్కాలు వాసన చూశాను. వార్నిషూ, రంపపు పొట్టూ. జేబులు తడిమాను. పెన్సిలు ముక్క, వంకర మేకులు.

నేను చూడాల్సింది చొక్కాలు కాదని ఓ ఆదివారం తట్టింది. మా ఆయన ప్రసంగానికి ఏడవడం లేదు. ప్రార్థనకీ ఏడవడం లేదు. పాస్టరుగారు గుండెలు పిండేలా మాట్లాడుతున్నంతసేపూ చెక్క బొమ్మలా కూర్చుంటాడు. కీబోర్డు మొదలవగానే తల ఎత్తుతాడు. అటే చూస్తాడు. అప్పుడు మొదలవుతుంది.

కీబోర్డు దగ్గర కూర్చునేది ఒక టీచరమ్మాయి. ఊరికి కొత్త, ఉద్యోగానికి వచ్చింది, ఒక్కతే గది తీసుకుని ఉంటోంది. బాగా వాయిస్తుంది. ప్రసంగం ముగిసి వెనకనుంచి సన్నగా ఆ వాయిద్యం మొదలైతేనే సగంమంది కరిగేవాళ్ళు. అంతకుముందు ఆ కుర్చీలో పాటలన్న అని మా సంఘంలో అందరూ పిలిచే ఒకాయన ఉండేవాడు. మా ఆయన కిందే వడ్రంగి పని చేసేవాడు. కిందటేడు కోత మిషన్ దగ్గర అజాగ్రత్తగా ఉండి కుడిచేతి వేళ్ళు రెండు పోగొట్టుకున్నాడు. పనీ పోయింది, వాయించడమూ పోయింది, చర్చికి రావడమూ మానేశాడు. దేవుడి మీద అలిగాడని చెప్పుకున్నారు. అతని సంగతి నేనప్పుడు ఆలోచించలేదు. నా ధ్యాసంతా టీచరమ్మాయి మీదే.

ఆ వారం ముసురు పట్టి ఉండగా, బడి వదిలే వేళకి, గొడుగు వేసుకుని ఆ అమ్మాయి గదికి వెళ్ళాను. ఏమని మొదలుపెట్టాలో దారిపొడుగునా నూరుకున్నాను. తీరా తలుపు తట్టేసరికి నూరిందంతా మింగేశాను. చిన్న గది. మంచం మీద పిల్లల పరీక్ష పేపర్లు. నన్ను చూడగానే ఆ అమ్మాయి మొహం మారింది.

"మీరొస్తారని అనుకుంటూనే ఉన్నానక్కా. నేనే వచ్చి చెబుదామనుకున్నాను, ఎలా చెప్పాలో తెలియలేదు."

కుర్చీ చూపిస్తే కూర్చున్నాను. ఆ అమ్మాయి టీ గ్లాసు నా చేతికిచ్చి, తను మంచం అంచున కూర్చుంది.

"మేస్త్రిగారు నా మొహం ఒక్కసారి కూడా చూడలేదక్కా. బజార్లో ఎదురుపడితే నేనెవరో కూడా గుర్తుపట్టరేమో. ఆయన చూసేదంతా నా చేతుల్ని. వేళ్ళని. పాట మొదలైనప్పటి నుంచి చివరిదాకా వేళ్ళ మీదే చూపు. నాకు భయమేసి ఒకసారి పాట తప్పాను కూడా. మొన్న నేనే పలకరించి, ఇదివరకు ఇక్కడ ఎవరు వాయించేవారండీ అని అడిగాను, ఏదో ఒకటి మాట్లాడదామని. జవాబు చెప్పకుండా లేచి వెళ్ళిపోయారు."

టీ తాగాను. ఏం రుచి ఉందో తెలియలేదు. తిరిగొచ్చేటప్పుడు గొడుగు తెరవడం కూడా మర్చిపోయాను. ఒక అనుమానం వదిలింది, కానీ దాని చోట్లో కూర్చోవడానికి ఇంకొకటి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది.

తరవాతి ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక రంపాలకి పదును పెట్టాలని మా ఆయన షెడ్డులోకి వెళ్ళాడు. కాసేపయ్యాక నేనూ వెళ్ళాను. మిషన్లన్నీ ఆగి ఉంటే షెడ్డు ఇంకెవరిదో అన్నట్టుంటుంది. పైన రేకుల మీద వాన. మా ఆయన పదునేమీ పెట్టడం లేదు. కోత మిషన్ ఎదురుగా పలకల దొంతి మీద కూర్చుని ఉన్నాడు. గుండ్రటి రంపం మీద ఇనప మూత బిగించి ఉంది. చెయ్యి రంపానికి తగలకుండా ఉండడానికి పెట్టే మూత.

టీచరమ్మాయి దగ్గరికి వెళ్ళొచ్చానని చెప్పాను. ఎందుకని అడగలేదు.

"పాటలన్న వేళ్ళు పోయిన రోజు ఆ మూత ఎవరు తీశారు?" అన్నాను. ఆ ప్రశ్న బయటికొచ్చేదాకా అది నాలో ఉందని నాకే తెలియదు.

"నేనే తియ్యమన్నాను."

చెక్క కొలత చెప్పినట్టు చెప్పాడు. ఒక బడికి బెంచీలు ఇవ్వాల్సిన గడువు దగ్గరపడింది. లావు దుంగలు మూత ఉంటే పట్టడం లేదు. పాటలన్న వద్దన్నాడు. ఏం కాదులే, కానివ్వమన్నాడు ఈయన. తరవాత అంతా క్షణంలో అయిపోయింది. అతన్ని ఆసుపత్రికి పంపేశాక ఓనరుగారు వచ్చి, నేల మీద ఎర్రబడిన పొట్టు చూసి, మూత తీసిందెవరని కేకలేశారు. 'అతనేనండీ, నేను చూసుకోలేదు' అన్న మాట నోట్లోంచి వచ్చేసింది. అనాలనుకుని అనలేదట. వచ్చాక మాత్రం వెనక్కి తీసుకోలేకపోయాడు. పాటలన్నని ఎవరూ ఏమీ అడగలేదు. చేతికి కట్టుతో వచ్చి నిలబడితే, ఇంక రావద్దని చెప్పి పంపేశారు. చెప్పింది మా ఆయనే.

ఏడాదిగా ఆ మాట ఆయనలో రాయిలా పడి ఉందట. బరువుగా ఉండేది కాదట, అసలు ఉన్నట్టే తెలిసేది కాదట. కొత్త పాస్టరుగారు దాచుకోకండి అన్నరోజున, ఆ అమ్మాయి వేళ్ళు కీబోర్డు మెట్ల మీద ఆడుతుంటే, ఏమైందో తెలియదు, లోపల ఏదో పగిలిందట. దేవుడు వచ్చి పక్కన కూర్చున్నట్టు అనిపించిందట. తిడుతున్నట్టు కాదు, ఊరికే కూర్చున్నట్టు. అందుకే ఏడుపు ఆగలేదట.

ఇదంతా చెబుతున్నంతసేపూ ఆయన కళ్ళలో చుక్క తడి లేదు. నేను కళ్ళలోకే చూస్తున్నాను.

"మరి పాటలన్నకి చెప్పారా?"

చెప్పాడట. పాటలన్న ఇప్పుడొక బడి గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు. వారం కిందట అక్కడికి వెళ్ళి, ఆ చెయ్యి పట్టుకుని, భోరుమన్నాడట. పాటలన్న చెయ్యి విడిపించుకున్నాడట. ఆయన అన్న మాటలు మా ఆయన అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు.

"మేస్త్రీ, ఇక్కడ ఏడవకు, పిల్లలు చూస్తారు. నువ్వు అబద్ధం ఆడింది నా దగ్గర కాదు. ఎక్కడ ఆడావో అక్కడికెళ్ళి చెప్పు."

మా ఆయన లేచి నిలబడి చేతుల పొట్టు దులుపుకున్నాడు. ఏం చెయ్యబోతున్నాడో నాకు అర్థమైంది. నాకు ఒక్కసారిగా మా గదులు కనబడ్డాయి. వంటిల్లు, అలమర, అత్తయ్య ఎండకి కూర్చునే అరుగు. మేస్త్రి పని పోతే అవన్నీ పోతాయి. ఈ వయసులో ఈయన్ని ఎవరు మేస్త్రిగా పెట్టుకుంటారు. అబద్ధమాడి మనిషిని పంపించాడన్న పేరు మోసుకుని ఎక్కడికి వెళ్తాం.

"చర్చిలో ఎంత ఏడుస్తారో ఏడవండి. నేనేమీ అనను, అత్తయ్యని కూడా అననివ్వను. ఇక్కడ మాత్రం నోరు విప్పకండి" అన్నాను.

అన్నాక నా మాట నా చెవులకే వింతగా వినిపించింది. అన్ని వారాలూ ఆ కన్నీళ్ళు నిజం కావేమోనని భయపడ్డాను. అవి నిజమని తెలిశాక అంతకంటే పెద్ద భయం పట్టుకుంది.

ఎప్పుడొచ్చిందో, గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. గోడ పట్టుకుని, ఒక కాలి మీద బరువు మోపి. ఎంత విన్నదో తెలియదు. కావలసినంత విన్నట్టే ఉంది.

"వాళ్ళ నాన్న ఏడ్చి ఊరుకునేవాడు. వీణ్ణి ఊరుకోమనకు" అంది నాతో.

"ఎక్కడుంటాం అత్తయ్యా?"

"ఎక్కడో ఒకచోట. ఆయనతో ఉన్నదాన్ని, ఇంకెక్కడైనా ఉండగలను."

చెబుతాడా లేదా అని ఆ తరవాత ప్రతి పొద్దుటా నాకు అనుమానమే. చొక్కా తొడుక్కుని షెడ్డులోకి వెళ్ళేవాడు, మిషన్లు మొదలయ్యేవి, ఏమీ జరగకుండానే మధ్యాహ్నం అన్నానికి వచ్చేవాడు. నేను అడిగేదాన్ని కాదు. ఆయన కంచంలో అన్నం వడ్డిస్తూ, ఇవాళా చెప్పలేదని నాలో నేను ఊపిరి పీల్చుకునేదాన్ని. అత్తయ్య మాత్రం కొడుకు మొహం చూసి, తన కంచం దూరంగా జరుపుకునేది.

ఓనరుగారు ఊళ్ళో లేరట. అది నాకు తరవాత తెలిసింది.

ఆయన వచ్చిన రోజు వాన తెరిపి ఇచ్చింది. పాలిష్ పెట్టిన బల్లలు చూసుకుంటూ షెడ్డు మధ్యలో నిలబడ్డారు. నేను వంటింట్లో ఉన్నాను. ఉన్నట్టుండి మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. కిటికీ దగ్గరికి వెళ్ళాను. మా ఆయనే ఆపమన్నట్టున్నాడు. పనివాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. మా ఆయన మాట్లాడుతున్నాడు. ఏమంటున్నాడో నాకు వినపడలేదు, పెదవులు కదలడమే కనబడింది. ఎక్కువసేపు కాదు. మధ్యలో ఒకసారి చెయ్యెత్తి కోత మిషన్ వైపు చూపించాడు. ఓనరుగారు కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. పనివాళ్ళలో ఒకడు నేల మీద ఉమ్మేసి బయటికి వెళ్ళిపోయాడు.

నేను మా ఆయన మొహమే చూస్తున్నాను. ఏడుస్తాడేమోనని. ఏడిస్తే ఓనరుగారు కాస్త మెత్తబడతారేమోనని కూడా ఆశ పడ్డాను, అబద్ధం ఎందుకు. ఆయన ఏడవలేదు. చెప్పడం అయిపోయాక చెవి మీది పెన్సిలు తీసి బల్ల మీద పెట్టి, ఇంట్లోకి వచ్చాడు.

"అలమర గోడకి బిగించి ఉంది. విప్పడానికి కొంచెం టైం పడుతుంది" అన్నాడు.

నెలాఖరుదాకా ఉండనిచ్చారు ఓనరుగారు. అంతకంటే చెయ్యలేదని ఆయన్ని అనడానికి లేదు. పాటలన్నని పిలిపించారని, ఏదో మాట్లాడుకున్నారని, పాలిష్ పనిలో పెట్టుకున్నారని తరవాత విన్నాం. సామానంతా తోపుడుబండి మీద వేసుకుని, పైన టార్పాలిన్ కప్పి, సైకిళ్ళ రిపేరు షాపు మీద ఉన్న ఒంటి గదిలోకి మారాం. అలమర ఆ గదిలో పట్టలేదు. మెట్ల కింద పెట్టుకోమని షాపతను అంటే, అతని సైకిలు సామాన్లకే ఇచ్చేశాం. మా ఆయనకి తలుపులు చేసేచోట మామూలు వడ్రంగి పని దొరికింది. తనకంటే చిన్నవాడు పని చెబితే చేసేవాడు.

చర్చిలో విషయం పాకిపోయింది. సంఘం పెద్దల్లోంచి తనే తప్పుకుని, మా ఆయన మా పక్కన వెనక బెంచీలోకి వచ్చి కూర్చున్నాడు. కీబోర్డు మొదలయ్యేది. పక్కన కూర్చున్నాను కాబట్టి ఇప్పుడు బాగా కనబడేది. కళ్ళు పొడిగా ఉండేవి. ఆ వారం, ఆ పై వారం, ఆ పై వారం కూడా. వెనకటి మనిషైపోయాడా అని నాకు మళ్ళీ గుబులు మొదలైంది. అదంతా లోపలి బరువు దించుకోవడానికేనా, దేవుడితో పని అయిపోయిందా అనిపించింది.

పాస్టరుగారికీ అనిపించినట్టుంది. ఒక సాయంత్రం మెట్లెక్కి వచ్చారు. కూర్చోబెట్టడానికి మంచమే గతి. క్షేమ సమాచారాలు అయ్యాక, మెల్లగా, మీలో మునుపటి ఆర్తి కనబడడం లేదు, ప్రభువుకి దూరమవుతున్నారేమోనని బెంగగా ఉందన్నారు.

"నాకూ ఆ భయం ఉందండి అయ్యగారూ" అన్నాడు మా ఆయన. "అప్పుడు ఆయన పక్కనే కూర్చున్నట్టుండేది. ఇప్పుడేమీ అనిపించదు. పొద్దున్నే మోకాళ్ళూనుతాను, చెప్పుకునేది చెప్పుకుంటాను, పనికి పోతాను."

"ఏమీ అనిపించనప్పుడు ఎలా చేస్తున్నారు?" ఆ అడగడంలో మందలింపు లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టుంది.

"వింటాడు కదండీ. నాకు తెలియకపోతే ఆయన వినడం మానేస్తాడా?"

పాస్టరుగారు టీ గ్లాసు పక్కన పెట్టారు. కింద ఎవరో చక్రం తిప్పి గాలి చూస్తున్న చప్పుడు. తరవాత ఆయన, తనకీ కొన్ని ఆదివారాలు అలాగే ఉంటుందన్నారు. మిమ్మల్నందర్నీ కరగమని చెబుతుంటాను, ఆ చెబుతున్నప్పుడు నా లోపల ఎండుకట్టెలా ఉంటుంది, ఆ భయంతోనే ఇంకాస్త గట్టిగా చెబుతుంటాను అన్నారు. మమ్మల్ని ఊరడించడానికి అంటున్నారేమోనని మొహం పరిశీలనగా చూశాను. తేల్చుకోలేకపోయాను. అత్తయ్య మాత్రం, ఆయన వచ్చిన ఇన్ని నెలల్లో మొదటిసారి, ఇంకొంచెం టీ తాగండి అయ్యగారూ అంది.

ఆయన మెట్లు దిగి వెళ్ళాక, ఇంతకీ ఆ ఏడుపు మంచిదా చెడ్డదా అత్తయ్యా అని అడిగాను.

"ఆ ఏడుపు రాకపోతే వీడు నోరు విప్పేవాడు కాదుగా" అంది. ఖాళీ గ్లాసులు తీస్తూ, "ఆయనకీ వచ్చేది. ఎన్నిసార్లు వచ్చిందో" అంది. మామగారి గురించి ఆ గొంతుతో మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. జాలిలా ఉంది.

వానలు వెనక్కి తగ్గాక ఒక ఆదివారం, పాట మొదలవబోతుండగా తలుపు దగ్గర ఎవరో వచ్చిన అలికిడైంది. పాటలన్న. మా బెంచీకి అవతలి చివర కూర్చున్నాడు. మా వైపు చూడలేదు. మా ఆయనా తల తిప్పలేదు, కానీ పుస్తకం పట్టుకున్న చేతులు కొంచెం బిగుసుకున్నాయి. పలకరింపుల్లేవు. ఇప్పటికీ వాళ్ళిద్దరూ ముఖాముఖీ మాట్లాడుకోవడం నేను చూడలేదు.

అందరూ లేచి పాట అందుకున్నారు. మా ఆయనకి శ్రుతి కుదరదు, ఎప్పుడూ ఒకే గొంతుతో లాక్కుపోతాడు. అవతలి చివరి నుంచి పాటలన్న గొంతు వచ్చింది. మంద్రంగా, నిదానంగా. ఎంత కోపం ఉన్నా పాటని మాత్రం అది తాకనట్టుంది. మా ఆయన అపశ్రుతి కిందికి వెళ్ళి, దాన్ని మోస్తున్నట్టుంది. పాటలన్న కావాలని అలా చేశాడని నేననను. పాడడం తెలిసినవాళ్ళ గొంతు అలా వెళ్తుందేమో.

నా చూపు మసకబారింది. ముందు అర్థం కాలేదు. చెంప తడుముకుంటే తడి. ఎవరూ కరగమని చెప్పలేదు, నేను దేని గురించీ ఆలోచించడం లేదు. వస్తూనే ఉన్నాయి. ఆపబోతే ఎక్కువయ్యాయి. అత్తయ్య తన రుమాలు నా చేతిలో కుక్కి, ముందుకే చూస్తూ నిలబడింది.

ఇంటికి వెళ్ళేదారిలో మా ఆయన కాసేపు నడిచి, కంట్లో ఏమన్నా పడిందా అన్నాడు. లేదన్నాను. ఒంట్లో బాగాలేదా అన్నాడు. బాగానే ఉందన్నాను.

"నేనేమన్నా అన్నానా?"

"లేదండీ."

"మరెందుకు?"

"ఏమో, నాకూ తెలీదు."

నమ్మలేదు. కొనబోయే పలకలో ఎక్కడ పగులుందోనని ఎత్తి వెలుతురుకి పెట్టి చూస్తాడే, అలా దారంతా పక్కచూపులు చూస్తూనే ఉన్నాడు. గది చేరాక నేను గిన్నెలు కడుగుతుంటే వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. ఏదో దాస్తున్నానని ఆయన మొహంలో స్పష్టంగా కనబడుతోంది. నమ్మించడానికి నేనేం ప్రయత్నించలేదు. కావలసినన్ని రోజులు చూసుకోనీలే అనుకుని, కడిగిన గిన్నె ఆయన చేతికిచ్చాను.